చంద్రాపూర్ కోటలో ఆడవాళ్ల చరిత్ర నడక: దారి గీయడం నుంచి నడిపించడం దాకా

మహారాష్ట్రలోని చంద్రాపూర్, బల్లార్షా, రాజురా వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాలలో మహాకాళి గుడికి వెళ్లని ఇల్లు అరుదు. పిల్లల పుట్టువెంట్రుకలకో, మొక్కు తీర్చుకోవడానికో, కొత్త కోడలిని వెంటబెట్టుకొనో ఏడాదికి ఒకసారైనా ఆ గడప తొక్కుతాము. అయినా ఆ గుడికి ఇప్పటి రూపం ఇచ్చిందని చెప్పుకొనే రాణి హీరాయి ఎవరని అడిగితే, పేరు విన్నట్టుంది అనడమే తప్ప మరో మాట రాదు. అదే దారిలో ఇంకా కొందరు ఆడవాళ్ల చరిత్ర ఉంది. కొంత రాతిలో, కొంత కథల్లో, కొంత మన ఇళ్లలోని పెద్దమ్మల నోళ్లలో ఉంది. దాన్ని ఒక ఉదయం కాలినడకన చూసే దారిని మీరే వేసుకొని, మీ వాళ్లను మీరే నడిపించుకోవడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను. నేను బల్లార్షా నుంచి ఇలాంటి నడకలు కొన్ని నడిపించాను. మొదటిది చెడిపోయింది, అందుకే చెప్పగలిగింది ఎక్కువగా ఉంది.

మొదటి మెట్టు: అడగవలసిన ప్రశ్నను తేల్చుకోండి

స్థలాల జాబితాతో మొదలుపెట్టకండి. జాబితాతో మొదలుపెడితే విగ్రహాలు, చౌక్‌ల పేర్లు పోగవుతాయి, వాటి దగ్గర నిలబడి చెప్పడానికి పుట్టిన తేదీ, పోయిన తేదీ తప్ప మరేమీ మిగలదు. ఈ ఊరు పుట్టిన కథను నేను మొదటిసారి చెప్పినప్పుడు జరిగింది చెప్తాను. ఖాండక్యా బల్లాల్ షా అనే గోండు రాజు వేటకు వెళ్లి తిరిగి వస్తుంటే నుదుట తెల్లమచ్చ ఉన్న కుందేలు కుక్కను తరిమిందనీ, అది తిరిగిన చుట్టంతా కోటగోడ వేశారనీ ఉత్సాహంగా చెప్పి ముగించాను. గుంపులో ఉన్న ఒక అత్తమ్మ నెమ్మదిగా, "మరి రాణి ఏమన్నది బిడ్డా?" అని అడిగింది. చిన్నప్పుడు తను విన్న కథలో రాణి మాట ఉందని ఆమెకు గుర్తు. ఆమె చెప్పిందే నిజం. కథలో కుందేలును చూసినవాడు రాజు. అది శుభశకునమనీ, ఆ జాడ వెంటే గోడ కట్టి ఊరు నిలపాలనీ, కుక్క చివరికి కుందేలును చంపిన చోట మాత్రం ఊరికి ఎప్పుడూ అపాయం పొంచి ఉంటుందనీ చెప్పినది రాణి. అంటే ఊరి ఎల్ల గీసిన మాట ఆమెది. అంత పెద్ద మాటను వదిలేసి నేను కుందేలును మాత్రం పట్టుకున్నాను.

ఆ రోజు నుంచి నా నడకకు ఒకే ప్రశ్న: ఇక్కడ ఆమె ఏమి చేసింది? ఎవరి భార్య, ఎవరి తల్లి అన్నది తరువాతి సంగతి. కట్టించిందా, మోసిందా, అడిగిందా, పట్టించిందా, నోరు విప్పి సాక్ష్యం చెప్పిందా? ఈ ప్రశ్నకు జవాబు లేని చోటును, అది ఎంత ప్రసిద్ధమైనదైనా, మీ దారిలోంచి తీసేయండి.

రెండో మెట్టు: చదివి, విన్నదాన్ని వేరుచేసి రాసుకోండి

ఈ ఊరిని 1964 వరకు చాందా అనే అనేవారు. కాబట్టి పాత పుస్తకాలలో, పాత కాగితాలలో చంద్రాపూర్ అని వెతికితే దొరకదు, చాందా అని వెతకాలి. బ్రిటిష్ కాలపు చాందా జిల్లా గెజిటీర్‌లో గోండు రాజుల కథలు వివరంగా ఉన్నాయి. అయితే అవి కూడా ఎవరో ముసలివాళ్లు చెప్పగా దొరలు రాసుకున్నవే కనుక, అచ్చులో ఉన్నంత మాత్రాన కథ చరిత్ర అయిపోదు.

ఒక నోటుపుస్తకం తీసుకొని, ప్రతి స్థలానికి ఒక పుట కేటాయించి, కాగితాల మీద నిలిచిన సంగతులను ఒక రంగు సిరాతో, జనం చెప్పుకొనే కథలను మరో రంగు సిరాతో రాయండి. నడకలో చెప్పేటప్పుడు కూడా ఆ తేడా నోట వినిపించాలి. "1858లో ఉరి తీశారు" అనడం ఒక తీరు, "ఉరి తీశారట" అనడం మరొక తీరు. ఈ పనికి తెలుగులో "అట" ఉండనే ఉంది, మొహమాటపడకుండా వాడండి. వినేవాళ్లు కథను తక్కువగా చూడరు, పైగా ఏది ఎంతవరకు నమ్మాలో వాళ్లకు తెలుస్తుంది.

మూడో మెట్టు: ఎండను బట్టి దారి గీయండి

చంద్రాపూర్‌లో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. చలికాలంలో కూడా పదకొండు గంటల తరువాత రాతి అరుగుల మీద కూర్చోలేము. నా మొదటి నడకను ఏప్రిల్‌లో, తొమ్మిది గంటలకు, ఉత్తరాన ఉన్న జట్‌పురా దర్వాజా దగ్గర మొదలుపెట్టాను. బజారులో అడుగడుగునా ఆగి, గోండు రాజుల సమాధుల దగ్గరకు చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. అన్నిటికంటె ఎక్కువసేపు నిలబడి మాట్లాడవలసిన చోటు అదే. చెప్పులు విడిచిన ఒక వదిన రాయి మీద కాలు మోపలేక చీర కుచ్చిళ్లు కాళ్ల కింద వేసుకొని నిలబడింది, ఇంకొకామెకు కళ్లు తిరిగాయి. చెప్పదలచినదంతా మింగేసి అందరినీ ఆటో ఎక్కించాను.

అందుకే దారిని తిరగేయండి. తెల్లవారుతుండగా తూర్పున ఝర్పట్ వాగు ఒడ్డున, మహాకాళి గుడి దగ్గర మొదలుపెట్టి, అంచలేశ్వర్ గుడి, గోండు రాజు బీర్ షా సమాధి చూసుకొని, అంచలేశ్వర్ దర్వాజా గుండా కోటలోకి వచ్చి, నీడ దొరికే బజారు వీధుల గుండా పాత జైలు వైపు, గాంధీ చౌక్ వైపు నడిచి, కస్తూర్బా రోడ్డు మీదుగా జట్‌పురా దర్వాజా చేరి, అక్కడి నుంచి ఆటోలో, అంబేడ్కర్ బౌద్ధ దీక్ష ఇచ్చిన దీక్షాభూమికి వెళ్లి ముగించడం మంచిది. ఈ దారిని ముందుగా కనీసం రెండుసార్లు ఒంటరిగా నడవండి. ఒకసారి గడియారం చూసుకుంటూ, ఇంకొకసారి మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఎవరినైనా తోడు తీసుకొని. ఆమె ఎక్కడ కూర్చోవాలని అడిగిందో ఆ చోట్లే మీరు ఆగి మాట్లాడవలసిన చోట్లు. శౌచాలయం ఎక్కడుందో, అది ఆ వేళకు తెరిచి ఉంటుందో లేదో స్వయంగా వెళ్లి చూడండి. ఆడవాళ్ల నడకలు సగంలో ఆగిపోవడానికి చరిత్ర కంటె ఇదే పెద్ద కారణం.

చైత్ర పౌర్ణమి జాతర రోజులను వదిలేయండి. నాందేడ్, పర్భణీ వైపు నుంచీ, మన ఆదిలాబాద్ వైపు నుంచీ వేలాది మంది వస్తారు. అప్పుడు చూడవలసింది ఆ జాతరనే, మీ మాట ఎవరికీ వినపడదు. అక్టోబరు 15, 16 తేదీలలో దీక్షాభూమి దగ్గర కూడా అంతే జనం ఉంటారు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఏ ఆదివారమైనా అనుకూలమే.

నాలుగో మెట్టు: ఒక్కొక్క చోట చెప్పవలసినది సిద్ధం చేసుకోండి

*ఝర్పట్ ఒడ్డు, అంచలేశ్వర్.* ఇక్కడి కథలో మన తెలుగు నేల కూడా ఉంది కనుక తీరికగా చెప్పండి. గోండు రాజుల రాజధాని మొదట సిర్పూర్, అంటే ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉన్న మన సిర్పూరే. బల్లాల్ షాకు ఒళ్లంతా కంతులు లేచి బాధపడుతుంటే, ఆ చోటు విడిచిపెడదామని పట్టుబట్టి వార్ధా నది ఒడ్డుకు కోట మార్పించింది రాణి అంటారు. అదే బల్లార్షా. తరువాత ఒకనాడు వేటలో దాహం వేసి రాజు ఎండిన ఝర్పట్ వాగులో చిన్న గుంటలోని నీళ్లు తాగి, ముఖమూ చేతులూ కాళ్లూ కడుక్కొని వచ్చి, ఎన్నడూ లేనంత హాయిగా నిద్రపోయాడట. మరునాడు నీళ్లు తగిలిన చోటల్లా కంతులు మాయమైనట్టు గమనించినది రాణి. రాజును అడిగి ఆనవాలు పట్టి, వెంట వెళ్లి ఇసుకా గడ్డీ తీయిస్తే బండలో ఆవు గిట్టల ముద్రలు అయిదు, వాటినిండా నీళ్లు కనిపించాయని కథ. అంచలేశ్వర్ తీర్థం అదే.

ఈ కథను పదిహేనో శతాబ్దానికి చెందినదిగా చెప్తారు. దీన్ని మహిమగా చెప్పి వదిలేయకుండా, మనిషి ఒంటిని రోజూ చూసుకుంటూ, ఏ మందు పనిచేసిందో ఏది చేయలేదో గుర్తుపెట్టుకొనే పని ఇళ్లలో ఎవరిదని మీ గుంపును అడిగి చూడండి. నేను అడిగినప్పుడు పది నిమిషాలు ఎవరూ ఆగలేదు. ఒక్కొక్కరు తమ అమ్మల, అత్తల పేర్లు చెప్పుకున్నారు.

*బీర్ షా సమాధి.* నా మటుకు నాకు ఈ నడక అంతటికీ ఇదే గుండె. అంచలేశ్వర్ దర్వాజా దగ్గరే గోండు రాజుల సమాధుల ఆవరణ ఉంది. వాటిలో అన్నిటికంటె అందమైనది బీర్ షాది. కట్టించినది అతని భార్య హీరాయి. చనిపోయిన రాణి కోసం రాజు కట్టించిన కట్టడాలు ఎన్నో విన్నవాళ్లం, ఇక్కడ రాజు కోసం రాణి కట్టించింది. అయితే దీన్ని ప్రేమకథగా మార్చి చెప్పాలన్న ఆశను అదుపులో పెట్టుకోండి. బీర్ షా తన రెండో పెళ్లి సందర్భంలోనే హీరామన్ అనే అంగరక్షకుడి చేతిలో చచ్చిపోయాడని చెప్తారు. అది 1704 ప్రాంతం. అంటే మరో పెళ్లికి సిద్ధమైన భర్త కోసం ఆమె ఈ రాళ్లు పేర్పించింది. కొడుకు లేడు కనుక వంశంలోని ఒక బాలుణ్ని, రామ్ షాను, దత్తత తీసుకొని, అతని పేరు మీద రాజ్యం నడిపింది. భర్త చనిపోయిన రాణి గద్దె నిలబెట్టుకోవాలంటే, ఆ గద్దె ఎవరిదో ఊరందరికీ కనిపించేలా రాతిలో చెప్పడం తెలివైన పని. ఇది నా ఊహ, ఊహగానే చెప్తాను. వినేవాళ్లలో సగం మంది ఒప్పుకోరు, దుఃఖాన్ని లెక్కలోకి తీసుకోవేమిటని అడుగుతారు. ఆ వాదన జరగనివ్వండి.

ఇక్కడ తొందరపడకుండా అందరినీ ఒకసారి చుట్టూ తిరిగి రమ్మని, పక్కనున్న చిన్న సమాధులతో పోల్చి చూడమని చెప్పండి. చెక్కడాన్ని చేతితో తడమవద్దని ముందే చెప్పాలి. ఇవి భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు. కొబ్బరికాయలు కొట్టడం, పసుపు కుంకుమలు పూయడం, గోడల మీద పేర్లు గీకడం కూడదు. ఫోనుతో ఫొటో తీసుకోవడానికి అభ్యంతరం ఉండదు కాని, కెమెరా స్టాండు పెట్టి చిత్రీకరించాలంటే శాఖ అనుమతి తీసుకోవాలి.

*మహాకాళి.* నడిచే వరుసలో ఇది ముందు వచ్చినా, చెప్పే వరుసలో సమాధి తరువాతే చెప్పండి. గుడిలో ఎవరి దర్శనం వారిని చేసుకోనిచ్చి, అక్కడ ఉపన్యాసం పెట్టుకోకండి. బీర్ షా తన కూతుర్ని దేవగఢ్ యువరాజుకు ఇచ్చి పెళ్లి చేశాడనీ, ఆమెను అతడు అవమానించాడనీ, తండ్రి యుద్ధానికి వెళ్లి అల్లుడి తల తెచ్చి మహాకాళికి సమర్పించాడనీ ఒక కథ ఉంది. తండ్రి పగ గురించి అందరూ చెప్తారు. పుట్టింటి పరువు కోసం భర్త తల తెచ్చిన తండ్రిని ఆ కూతురు ఏ కళ్లతో చూసిందో కథలో ఒక్క ముక్క కూడా లేదు. ఆ లోటును లోటుగానే చూపించండి, మీరు పూడ్చకండి.

*అంచలేశ్వర్ దర్వాజా.* ఏనుగును అణచిపెట్టిన సింహం గుర్తు గోండు రాజులది. కోట దర్వాజాల మీద కనిపిస్తుంది. పిల్లలు వెంట ఉంటే వాళ్లను వెతకమనండి. కోటకు నాలుగు దర్వాజాలతో పాటు ఖిడ్కీలనే చిన్న దారులు కూడా ఉన్నాయి. రాజుల ఊరేగింపులు దర్వాజాల గుండా వెళ్తే, నీళ్లకూ శ్మశానానికీ వెళ్లే మామూలు జనం దారి ఇలాంటి చిన్న సందులే. ఒకదానికి మసాన్ ఖిడ్కీ అనే పేరు. ఇక్కడ రెండు నిమిషాలు చాలు.

*పాత జైలు వీధి.* లోపలికి వెళ్లనివ్వరు, అది ఇప్పటికీ జైలే. ఫోన్లు సంచుల్లో పెట్టించి, దూరంగా నిలబడి మాట్లాడండి. గోండు జమీందారు బాబూరావు శెడ్మాకేను బ్రిటిష్‌వారు 1858 అక్టోబరు 21న ఇక్కడే ఉరి తీశారు. ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన పేరు అది. అందరూ చెప్పనిది ఏమంటే, అతణ్ని పట్టించినది అహేరి జమీందారిణి లక్ష్మీబాయి. బాబూరావు వాళ్ల నుంచి బ్రిటిష్‌వారు జప్తు చేసుకొన్న ఊళ్లను ఆమెకు బహుమానంగా ఇచ్చారు. అదే సంవత్సరం జూన్‌లో ఝాన్సీ లక్ష్మీబాయి గ్వాలియర్ దగ్గర పోరాడుతూ ప్రాణం విడిచింది. ఒకే ఏడు, ఒకే పేరు, రెండు దారులు.

ఈ భాగాన్ని వదిలేయమని నాకు ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. ఆడవాళ్ల చరిత్ర నడకలో ఇలాంటి ఆడదాని గురించి ఎందుకని వాళ్ల వాదన. నేను వదలలేదు. ఆడవాళ్లు నిర్ణయాలు తీసుకున్నారని ఒప్పుకున్నప్పుడు, అన్నీ మనం మెచ్చే నిర్ణయాలే తీసుకున్నారని చెప్పడం అబద్ధమవుతుంది. అయితే ఆమెను ద్రోహి అని ఒక్క మాటలో తేల్చేయకుండా, జమీ నిలుస్తుందో పోతుందో తెలియని రోజుల్లో ఆమె ముందున్న దారులేమిటో కూడా చెప్పండి.

*గాంధీ చౌక్, కస్తూర్బా రోడ్డు.* ఊరి నడిబొడ్డున ఒక రోడ్డు మహాత్మా గాంధీ పేరున, ఇంకొకటి కస్తూర్బా పేరున ఉన్నాయి. ఏదో ఒక దుకాణం అరుగు మీద, అడిగి, కూర్చొని టీ తాగుతూ రెండు సంగతులు చెప్పవచ్చు.

ఒకటి చిమూర్. ఈ జిల్లాలోని చిమూర్‌లో 1942 ఆగస్టు 16న క్విట్ ఇండియా ఉద్యమం తిరుగుబాటుగా మారి, తరువాత వచ్చిన సైన్యం ఇళ్లలోకి చొరబడి ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేసింది. ఆ రోజుల్లో అలాంటి సంగతి నోరు విప్పి చెప్పడం అంటే ఏమిటో మనకు తెలుసు. అయినా వాళ్లు చెప్పారు. వాళ్ల సాక్ష్యం మీద విచారణ జరిపించాలని గాంధీజీ అనుచరుడు ప్రొఫెసర్ భణసాళీ 63 రోజులు నిరాహారదీక్ష చేశారు. పుస్తకాలలో ఆయన దీక్ష రోజుల లెక్క ఉంటుంది. అంతకు ముందు ఆ ఆడవాళ్లు పలికిన మాటే మొదటి పోరాటమని చెప్పండి. గుంపులో చిన్నపిల్లలు ఉంటే ఈ భాగాన్ని క్లుప్తంగా, మాటలు ఎంచుకొని చెప్పాలి. తల్లులకు ముందే ఒక మాట చెప్పి ఉంచితే వాళ్లు పిల్లలను ఐస్‌ఫ్రూట్ కొనిపించే నెపంతో కాసేపు పక్కకు తీసుకెళ్తారు.

రెండోది సారా. మన తెలుగు నేల మీద 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం గురించి పెద్దవాళ్లందరికీ గుర్తుంటుంది. ఈ జిల్లా ఆడవాళ్లు కూడా మద్యనిషేధం కోసం ఏళ్ల తరబడి పోరాడి, పాదయాత్రలు చేసి, 2015 ఏప్రిల్ 1 నుంచి చంద్రాపూర్ జిల్లా అంతటా నిషేధం తెప్పించుకున్నారు. 2021లో ప్రభుత్వం దాన్ని ఎత్తివేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 1995లో వచ్చిన నిషేధం కూడా రెండేళ్లకే సడలింది. నిషేధం మంచిదా కాదా అన్న చర్చలోకి దిగితే నడక అక్కడే ఆగిపోతుంది. ఓటు తప్ప మరే బలమూ లేని ఆడవాళ్లు రెండు చోట్లా ప్రభుత్వం చేత ఒక పని చేయించారన్నంత వరకు చెప్పి లేవండి.

*దీక్షాభూమి.* నాగపూర్‌లో 1956 అక్టోబరు 14న బౌద్ధం స్వీకరించిన డాక్టర్ అంబేడ్కర్ రెండు రోజుల తరువాత, అక్టోబరు 16న, ఇక్కడికి వచ్చి దీక్ష ఇచ్చారు. ఊరిలో తరతరాలుగా ఏ బావి దగ్గర ఎంత దూరంలో నిలబడాలో లెక్కపెట్టుకుంటూ బతికిన ఆడవాళ్లు తెల్లచీరలు కట్టుకొని పిల్లలను ఎత్తుకొని వచ్చిన చోటు ఇది. ఇక్కడ ఉపన్యాసం వద్దు. చెట్టు నీడలో కూర్చొని, నడిచిన అలసట తీర్చుకొనే చోటుగా కూడా ఇదే తగినది.

అయిదో మెట్టు: మన ఇళ్ల చరిత్రను కలపండి

పైన చెప్పినదంతా రాణులది, ఉద్యమాలది. మన తెలుగు ఆడవాళ్లు ఈ జిల్లాకు వచ్చినది బొగ్గుబాయిల కోసం, కాగితపు మిల్లు కోసం, రైల్వే కోసం. లాల్‌పేట, బల్లార్షా వైపు బొగ్గుబాయిల దగ్గర పనిచేసిన కుటుంబాల పెద్దావిడలు ఇంకా ఉన్నారు. వారి మాటను ఈ నడకలోకి తేకపోతే పని సగమే అయినట్టు.

వాళ్ల దగ్గరకు వెళ్లే ముందు కొంచెం చట్టం తెలుసుకోండి. ఆడవాళ్లు భూమి లోపలికి దిగి బొగ్గు పని చేయకూడదన్న నిషేధం 1937 నాటికి అమలులోకి వచ్చింది. యుద్ధానికి బొగ్గు చాలక 1943లో దాన్ని ఎత్తివేసి, 1946లో మళ్లీ పెట్టారు. అప్పుడు కేంద్ర ప్రభుత్వంలో కార్మిక శాఖ చూస్తున్నది అంబేడ్కరే. నిషేధం ఎత్తివేసినందుకు శాసనసభలో ఆయన సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. 1952 గనుల చట్టం ఆడవాళ్లకు పైపనినే, అదీ ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు వరకే, మిగిల్చింది. 2019లో గాని లోపలి పనికి మళ్లీ అనుమతి రాలేదు. రక్షణ కోసం పెట్టిన కట్టుబాటు జీతం కూడా తగ్గించిందా అన్నది ఆ పెద్దావిడలనే అడగండి.

అడిగే పద్ధతి ముఖ్యం. "మీ చరిత్ర చెప్పండి" అంటే "మాకేం చరిత్ర బిడ్డా" అని లోపలికి వెళ్లి టీ పెడతారు. జీతం ఎవరి చేతికి ఇచ్చేవారు, చంటిపిల్లను ఎక్కడ పడుకోబెట్టేవారు, దప్పికైతే నీళ్లు ఎక్కడివి, మొదటిసారి మరాఠీలో ఎవరితో ఏమి మాట్లాడారు అని అడగండి. ఇలా అడిగితే మాట సాగుతుంది. లాల్‌పేట వైపు ఒక ముసలావిడ గంప ఎత్తిన తీరు చెప్తూ, మాటలతో చాలక, లోపలికెళ్లి పాత చీరపేలిక తెచ్చింది. రెండు చేతులతో మెలితిప్పి, కొసను లోపలికి దోపి, చూస్తుండగానే చుట్టబట్ట చేసి నా తల మీద పెట్టింది. మెడ నిలబెట్టమంది. తరువాత నా మెడను రెండు వేళ్లతో కొంచెం వెనక్కి నెట్టి, "ఇట్ల ఉంటే రోజంతా మోస్తవు, అట్ల ఉంటే పొద్దుగూకేసరికి పోతవు" అంది. ఏ పుస్తకంలోనూ ఆ రెండు వేళ్ల లెక్క ఉండదు.

ఆవిడ అనుమతి లేకుండా పేరు, ఫొటో, గొంతు ఎక్కడా వాడకండి. ఆవిడ ఒప్పుకుంటే నడక రోజు ఆటో పంపించి పిలిపించండి. వచ్చినావిడ ఇతరుల ముందు మాట్లాడనంటే బలవంతపెట్టకండి, పక్కన నడిస్తే చాలు.

ఆరో మెట్టు: గుంపు, భాష, ఖర్చు

పన్నెండు మందికి మించితే బజారు వీధిలో మీ గొంతు వినపడదు. వెనక నడిచేవాళ్లు బట్టల దుకాణంలోకి దూరిపోతారు. వెనుకగా నడవడానికి ఒకరిని నియమించండి. ఆమె మీ మాట వినలేకపోయినా, ఎవరూ తప్పిపోకుండా చూడడమే ఆమె పని. మరుసటి నడకలో ఆ పని మీరు తీసుకొని, ఆమె చేత చెప్పించండి.

ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ, బజారులో హిందీ మాట్లాడే ఊరు మనది. మన పిల్లల్లో చాలామందికి తెలుగు వింటే తెలుస్తుంది, చదవడం రాదు. అందుకే ప్రతి చోటుకు ఒక చేతి చీటీ రాసి, పేర్లను తెలుగులోనూ, పక్కనే దేవనాగరి లిపిలోనూ పెద్ద అక్షరాలతో రాయండి. బోర్డులన్నీ మరాఠీలో ఉంటాయి కనుక మీరు చెప్పిన పేరును పిల్లలే బోర్డు మీద చదివి పట్టుకుంటారు. చదువుకోని అమ్మమ్మకు బోర్డు చదివి వినిపించే పని పిల్లలకు అప్పగించండి.

ఖర్చు పెద్దగా ఉండదు. ఆటో, టీ, మంచినీళ్లు. డబ్బు అందరి దగ్గరా ముందే సమానంగా పోగుచేయండి. చివర్లో ఎవరో ఒక పెద్దావిడ కొంగుముడి విప్పి అందరిదీ ఇచ్చేస్తుంది, అది పద్ధతి కాదు.

ఏడో మెట్టు: నడక నాడు

ఆరు గంటలకు మహాకాళి దగ్గర కలవమని చెప్తే ఆరున్నరకు వస్తారు. కనుక అయిదున్నర అని చెప్పండి. బల్లార్షా నుంచి వచ్చేవాళ్లు ఒకే ఆటోలో వస్తే ఆలస్యం తగ్గుతుంది. పాదాలకు పట్టిన చెప్పులు, గొడుగు, ఒక సీసా నీళ్లు, ఏదైనా ఒక తినుబండారం వెంట ఉండాలి. ప్రతి చోట ఏడెనిమిది నిమిషాలకు మించి ఏకధాటిగా మాట్లాడకండి. బీర్ షా సమాధి దగ్గర మాత్రం అరగంట కేటాయించండి. ఎవరైనా "మా ఊళ్లో ఈ కథ వేరేగా చెప్తారు" అంటే ఆగి వినండి. కథను సరిదిద్దకుండా, ఏ ఊరో, ఎవరి దగ్గర విన్నారో రాసుకోండి. గుడిలోనైనా, దీక్షాభూమిలోనైనా, సమాధుల దగ్గరైనా ఎవరి నమ్మకం వారిది. ఒకచోట మొక్కిన వాళ్లను ఇంకొకచోట మొక్కమనకండి, మొక్కవద్దనీ అనకండి.

ఎనిమిదో మెట్టు: మరుసటి రోజే రాసుకోండి

రెండు రోజులు గడిస్తే సగం పోతుంది. గుంపులోని వాళ్లు చెప్పిన ప్రతి కొత్త సంగతిని, చెప్పిన వాళ్ల ఒప్పుకోలు ఉంటే వాళ్ల పేరుతో, లేకపోతే ఊరి పేరుతో, నోటుపుస్తకంలో ఆ స్థలం పుటలోనే రాయండి. మొదట చెప్పిన రెండు రంగులకు తోడు ఇప్పుడు మూడో రంగు సిరా కావాలి, మన ఇళ్ల నుంచి వచ్చిన మాటలకు. నా పుస్తకంలో అంచలేశ్వర్ పుట మొదట సగం కూడా నిండలేదు. ఆ అత్తమ్మ అడిగిన ప్రశ్న తరువాత ఆ పుటకు ఇంకో రెండు కాగితాలు అతికించవలసి వచ్చింది. అతికించిన వాటిలో ఎక్కువ భాగం మూడో రంగులోనే ఉంది.